మెడ ఎత్తకుండా చూసిన మ్యాచ్‌లు

2024 వేసవిలో మా ఇంటిల్లిపాదీ ఉప్పల్ స్టేడియంకి నాలుగుసార్లు వెళ్లాం. రెండు గెలిచాం, ఒకటి ఓడిపోయాం, ఒకటి వాన మింగేసింది. సన్‌రైజర్స్‌కి అది మామూలు సీజన్ కాదు. మార్చి 27న ముంబై మీద 277 కొట్టారు, ముంబై తిరిగి 246 కొట్టింది, రెండు జట్లవీ కలిపి ఆ ఒక్క రాత్రి 38 సిక్సర్లు. ఆ మ్యాచ్ మాత్రం నల్గొండలో టీవీలోనే చూశాం. ముంబై తరఫున 34 బంతుల్లో 64 కొట్టిన తిలక్ వర్మ హైదరాబాద్ పిల్లగాడని తెలిసి అమ్మ చాలాసేపు గందరగోళపడింది. "మనోడు ఆ దిక్కు ఆడుతుంటే మనం ఈ దిక్కు ఎందుకున్నం?" ఐపీఎల్ మీద ఇంతకంటే మంచి విమర్శ నేను ఇంగ్లీషులో కూడా చదవలేదు.

మ్యాచ్ అయిపోయాక నాయిన, "గీ గ్రౌండు గింత దగ్గరుండంగ ఒక్కసారి గూడ పోలే" అన్నాడు. అడగడం కాదు, ఊరికే అన్నాడు. ఆయనకి రెండు నెలలుగా వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. చాయ్ గ్లాసు రెండుసార్లు చేతిలోంచి జారింది. డాక్టర్ స్కాన్ రాసిచ్చి అప్పటికి మూడు వారాలు. ఆయన పోనంటున్నాడు. టికెట్లు దొరుకుతాయేమో చూస్తానని ఫోన్ తీశాను.

ఇక్కడ కొంచెం నీళ్ల గురించి చెప్పాలి. మా నాయినది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నల్గొండ ఫ్లోరైడ్ అనగానే పేపర్లలో కనబడే మండలం. గ్రానైటు రాళ్ల లోంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది, బోరు ఎంత లోతుకు పోతే అంత ఎక్కువ వచ్చే ఊళ్లు ఉన్నాయి. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసేసే ఒక పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, 'నల్గొండ టెక్నిక్' అని. 1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మా నాయిన మాత్రం చిన్నప్పటి నుంచి ఉద్యోగం వచ్చేదాకా ఆ బాయి నీళ్లే తాగాడు. ఆ నీళ్లు మెల్లగా పని చేశాయి. వెన్నెముక కీళ్లను పట్టి ఉంచే తంతువులు గట్టిపడి ఎముకలా మారిపోయాయి. యాభై ఏళ్లు వచ్చేసరికి మెడ పైకి లేవడం మానేసింది, పక్కలకి తిరగడం కూడా. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు.

ఆయన చేసిన ఉద్యోగం లైన్‌మన్. అంటే బతుకంతా పైకి చూసే పని. నేను ఇంజినీరింగ్‌లో ఉండగా ఆయన్ని స్తంభాల మీంచి దింపి సబ్‌స్టేషన్‌లో రిజిస్టర్ ముందు కూర్చోబెట్టారు.

అమ్మది అదే జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ వైపు. ఆమె మెడ శుభ్రంగా తిరుగుతుంది. ఒకే జిల్లా, ఒకే నది పేరు, మధ్యలో కాలువ ఉన్న ఊరూ లేని ఊరూ. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే మా జిల్లా నీటిపారుదల చరిత్ర అంతా కనబడుతుంది.

మొదటి మ్యాచ్ ఏప్రిల్ 5న, చెన్నై మీద. ముందురోజు పెద్ద వార్త. కరెంటు బిల్లు బకాయి కోటిన్నర దాటిందని స్టేడియంకి సరఫరా కట్ చేశారు. నాయిన ముఖం వెలిగిపోయింది. "ఎవలైతేంది, బిల్లు కట్టకుంటే పీకుడే!" అని రిటైరైన తన దోస్తులందరికీ ఫోన్లు చేశాడు. మ్యాచ్ ఆగిపోతుందేమోనని నేను టెన్షన్ పడుతుంటే ఆయన మాత్రం డిపార్ట్‌మెంట్ పక్షం. చివరికి గడువు ఇచ్చి కరెంటు ఇచ్చారు. మేము నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా కారులో బయల్దేరాం. చౌటుప్పల్‌లోనే 2015లో మిషన్ భగీరథ పైలాన్ కట్టారు. నాయిన దాన్ని దాటిన ప్రతిసారీ ఏదో ఒకటి అంటాడు. ఆ రోజు "నలభై ఏండ్లు లేటు" అన్నాడంతే.

మెట్లు తక్కువ ఉండాలని కింది వరుసల్లో సీట్లు తీసుకున్నాను. ఆయన మొదట చూసింది పిచ్‌ని కాదు, ఎదుటి వైపు లైట్ల టవర్ని. దూరంగా ఉంది కాబట్టి మెడ ఎత్తకుండానే కనబడింది. ఎన్ని దీపాలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. స్టేడియం సగం పసుపురంగు, హైదరాబాద్‌లో ఉన్నామో చెన్నైలో ఉన్నామో తెలీదు. ధోనీ ఆఖరి ఓవర్లో వచ్చి రెండు బంతులాడి ఒక్క పరుగు తీశాడు. ఆ ఒక్క పరుగుకి లేచిన గోలకి అమ్మ చెవులు మూసుకుంది.

మన బ్యాటింగ్ మొదలయ్యాక అసలు సంగతి నాకు తట్టింది. అభిషేక్ శర్మ 12 బంతుల్లో 37 కొట్టాడు, అందులో నాలుగు సిక్సర్లు. సిక్స్ పడినప్పుడు బంతి నాలుగైదు సెకన్లు గాల్లో ఉంటుంది. ఆ నాలుగైదు సెకన్లూ స్టేడియంలో వేలమంది తలలు ఒకేసారి పైకి లేస్తాయి. ఒక్క మా నాయిన తల తప్ప. ఆయన బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గరే ఉండిపోతాడు. టీవీలో అయితే కెమెరా ఆయన తరఫున మెడ ఎత్తుతుంది. ఇక్కడ ఎవరు ఎత్తాలి?

అమ్మ ఎత్తింది. ఎవరూ చెప్పలేదు. రెండో సిక్స్‌కే మొదలుపెట్టింది. "మీదికి పోయింది... ఇంగ పోతనే ఉన్నది... అగో ఆ మూలకు, జనంల వడ్డది. ఒక పోరడు పట్టుకుండు." కవర్స్ తెలీదు, లాంగాన్ తెలీదు. మా ఎడమ పక్క, కుడి పక్క, ఎదుటి లైట్లు, ఫలానా బోర్డు, ఇవే ఆమె ఫీల్డింగ్ పొజిషన్లు. నాయిన రేడియోలో హిందీ కామెంటరీ వింటూ క్రికెట్ నేర్చుకున్న మనిషి, టీవీ కొనేదాకా ఆయనకి ఆట అంటే చెవే. ఒక్క క్షణం మొత్తం మనిషి ఆమె వైపు తిరిగి, మళ్లీ గ్రౌండ్ వైపు తిరిగాడు. "ఎంత దూరం వడ్డది?" "మన ఇంటికాన్నుంచి వాటర్ ట్యాంకి అంత."

(ఆటల మీద రాసే మంచి వచనం మనకి ఎందుకు తక్కువ అని ఎప్పుడూ అనుకుంటాను. వెస్టిండీస్ మీద సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో 'బియాండ్ ఎ బౌండరీ' రాశాడు, వలస పాలన గురించి, వర్ణం గురించి, అన్నీ క్రికెట్‌లోంచే. అమెరికాలో బేస్‌బాల్ వాళ్ల వేసవి సాహిత్యం. న్యూయార్కర్‌లో కథలు ఎడిట్ చేసే రోజర్ ఏంజెల్ గ్యాలరీలో కూర్చుని రాసిన వ్యాసాలు 1972లో 'ది సమ్మర్ గేమ్' అని పుస్తకంగా వచ్చాయి. ఆటగాళ్ల కంటే చూసేవాళ్లు ముఖ్యం అన్నట్టు ఉంటుంది ఆయన చూపు. మనకి 'జెర్సీ' లాంటి సినిమా ఉంది. కానీ అది ఆడేవాడి కథ. గ్యాలరీలో కూర్చున్న తండ్రి కథ మనం ఇంకా రాసుకోవాలి.)

ఏప్రిల్ 25 నాటికి వేసవి సెలవులు ఇచ్చారు. మహబూబ్‌నగర్ నుంచి అక్క, అల్లుడు వచ్చారు. వాడికి పన్నెండేళ్లు, స్కోరు రాయడం పిచ్చి. నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని వచ్చాడు. కానీ స్టేడియంలోకి తీసుకురాకూడని వాటి జాబితాలో పెన్నులు కూడా ఉంటాయి! పుస్తకం, పెన్ను కారులోనే వదిలి రావాల్సి వచ్చింది. ఆ రోజు బెంగళూరు 206 కొట్టింది, మనం 171 దగ్గర ఆగిపోయాం. రజత్ పాటిదార్ మార్కండే ఓవర్లో వరుసగా నాలుగు సిక్సర్లు కొట్టాడు. అమ్మ కామెంటరీ రెండో సిక్స్‌కే నీరసించింది. "మల్ల గటే పోయింది" అని ఊరుకుంది. నాలుగోది పడ్డాక నాయిన నాతో అన్నాడు, "ఆ బౌలర్ పోరడు ప్రతిసారి బంతి దిక్కు జూస్తలేడురా. తన చెయ్యి దిక్కు జూస్కుంటుండు." మిగతా స్టేడియం అంతా ఆకాశంలోకి చూస్తోంది. దాన్ని చూసింది ఈయనొక్కడే.

అదే రాత్రి తిరిగి వస్తూ అక్క స్కాన్ మాట ఎత్తింది. గొడవైంది. అక్క, నేను ఒకవైపు. అమ్మ, నాయిన ఒకవైపు. వాళ్ల భయం వట్టిది కాదు. మెడ దగ్గర ఎముక పెరిగి లోపల వెన్నుపాముని నొక్కుతోందని డాక్టర్ అనుమానం. నిజమైతే వెనక నుంచి ఎముక తీసి చోటు చేయాలి. మా పెదనాయిన ఇదే జబ్బుతో నడుం వంగి, చివరి ఆరేళ్లు మంచం దిగలేదు. నాయిన మాట ఒక్కటే: "ఇప్పుడైతే నడుస్తున్న గదా." పంతంగి టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగినప్పుడు అందరం మాట్లాడటం మానేశాం.

మే 2, రాజస్థాన్ మ్యాచ్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను. మనం 201. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 42 బంతుల్లో 76 నాటౌట్. అమ్మకి చివరికి "మనోడు" దొరికాడు. భువనేశ్వర్ మొదటి ఓవర్లోనే బట్లర్‌ని, సంజూ శాంసన్‌ని సున్నాకి పంపాడు. తర్వాత జైస్వాల్, పరాగ్ మ్యాచ్‌ని లాగేసుకున్నారు. చివరి ఓవర్లో వాళ్లకి 13 కావాలి, చివరి బంతికి రెండు. పావెల్ బ్యాటింగ్. అందరం లేచి నిలబడ్డాం, నాయిన కూడా, అల్లుడి భుజం పట్టుకుని. అందరూ సిక్సో ఫోరో అనుకుని అప్పుడే తలలు సగం ఎత్తి ఉన్నారు. బంతి తక్కువ ఎత్తులో వచ్చి ప్యాడ్‌కి తగిలింది. నాయిన "ఔట్" అన్నాడు. మామూలు గొంతుతో, రిజిస్టర్‌లో టిక్కు పెడుతున్నట్టు. ఆ తర్వాత అంపైర్ వేలు లేచింది. ఒక్క పరుగుతో గెలిచాం. అల్లుడు ఆయన్ని పట్టుకుని "తాతా, నీకెట్ల తెలిసింది?" అని ఊపేస్తుంటే అమ్మ అరిచింది, "మెడ, మెడ! మెల్లగరా!"

అర్ధరాత్రి చౌటుప్పల్ దాటాక చాయ్ దగ్గర ఆగాం. అల్లుడు నోట్‌బుక్ తీశాడు. నాయిన మొదటి ఓవర్ నుంచి చెప్పడం మొదలుపెట్టాడు, వాడు రాసుకుంటూ పోయాడు. నేను ఫోన్లో సరిచూస్తూ కూర్చున్నాను. ఆరో ఓవర్ దాకా ఒక్క తేడా లేదు. ఆ తర్వాత ఆయనకి నిద్రొచ్చింది.

మే 8న మేము స్టేడియంలో లేం. ఎట్టకేలకు స్కాన్‌కి ఒప్పుకున్నాడు, రాత్రి స్లాట్ దొరికింది. లక్నో 165 కొట్టి ముగించిన కాసేపటికి ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. నేను బయట ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ట్రావిస్ హెడ్ 30 బంతుల్లో 89, అభిషేక్ 28 బంతుల్లో 75, ఇద్దరూ నాటౌట్. 9.4 ఓవర్లలో 167. ఆ గొట్టంలోంచి నాయిన బయటికి వచ్చేసరికి మ్యాచ్ అయిపోయింది. "ఎన్ని కొట్టిండ్రు?" అన్నాడు. చెప్పాను. నమ్మలేదు. "స్కాన్ల ఎంతసేపున్న నేను?" రిపోర్టులో అనుమానమే నిజమైంది. ఆలస్యం చేస్తే కాళ్లకి కూడా పాకుతుందని, చేసినా మెడ కదలిక తిరిగి రాదని డాక్టర్ స్పష్టంగా చెప్పాడు.

మే 16, గుజరాత్‌తో మ్యాచ్. టాస్ కూడా పడలేదు. కవర్ల మీద వాన పడుతుంటే మూడు గంటలు అలాగే కూర్చున్నాం. ఆ ఒక్క పాయింటుతో సన్‌రైజర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లిందని జనం వానలోనే ఎగురుతున్నారు. నాయిన వాన చూస్తున్నాడు. గాలివానలొస్తే మా ఇంట్లో ఎవరూ నిద్రపోయేవాళ్లు కాదు. ఎక్కడో తీగ తెగుతుంది, ఎవరో తలుపు కొడతారు, ఆయన టార్చిలైటు పట్టుకుని వెళతాడు. "మొదటిసారి మెడ పట్టింది గిసుంటి రాత్రే" అన్నాడు. "స్తంభం మీదికెళ్లి దిగినంక తల తిరగలే. చలికి పట్టిందనుకున్న." అది మాకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకి కూడా. కాసేపయ్యాక, ఆటలు లేవు కాబట్టి ఖాళీగా ఉన్న గ్రౌండ్ వైపే చూస్తూ, "చేయించుదాంలే. ఎలక్షన్లు గూడ ఒడిసినయి" అన్నాడు. ఓట్లు మే 13న అయిపోయాయి. ఆ ఎలక్షన్లకీ ఆయన మెడకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు. అమ్మ ఏం మాట్లాడలేదు. కొంగు తీసి ఆయన భుజం మీది తుంపర తుడిచింది.

మే 26న ఫైనల్ ఇంట్లో చూశాం. 113 ఆలౌట్. మాట్లాడుకోవడానికి ఏం లేదు.

ఆపరేషన్ జూన్‌లో అయింది. నాలుగు గంటలు. చెప్పినట్టే మెడ కదలలేదు. కానీ ఆగస్టు కల్లా చాయ్ గ్లాసు చేతిలో నిలబడింది, చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. ఎడమచేతి రెండు వేళ్లు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి.

2025 ఏప్రిల్ 12న మళ్లీ వెళ్లాం, పంజాబ్ మ్యాచ్. వాళ్లు 245 కొట్టారు. అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టి తొమ్మిది బంతులు మిగిలుండగానే దాన్ని తినేశాడు. అతనివొక్కడివే పది సిక్సర్లు. ఈసారికి అమ్మ "లాంగాన్ దిక్కు" దాకా వచ్చింది. నాయిన ఆమె వైపు తిరగడం కూడా మానేశాడు, చెవి పడేసి కూర్చుంటున్నాడు. కారెక్కేసరికి అమ్మ గొంతు పూర్తిగా పోయింది. నార్కట్‌పల్లి దగ్గర మంచినీళ్లు తాగి, బొంగురుగా నాతో అంది: "వచ్చేసారి జర తక్కువ కొట్టెటోళ్ల మ్యాచ్ జూడు బిడ్డా."