కాలానికి పలుకునిచ్చిన కలం: జంధ్యాల విజ్ఞాన కల్పన సంభాషణలు – ఉద్దానం వైపు నుంచి ఒక స్మరణ

ఉపోద్ఘాతం

జంధ్యాల (1951–2001) అనగానే తెలుగువారికి హాస్యం గుర్తుకు వస్తుంది. ‘శ్రీవారికి ప్రేమలేఖ’, ‘అహ నా పెళ్ళంట’ చిత్రాల దర్శకుడిగా, ‘శంకరాభరణం’ మాటల రచయితగా ఆయన స్థానం సుస్థిరం. విజ్ఞాన కల్పన రచయితగా ఆయనను తలచుకోవడం మాత్రం అరుదు. తెలుగు తెరపై ఆ ప్రక్రియకు గట్టి పునాది వేసిన ‘ఆదిత్య 369’ (1991)కు మాటలు రాసినది ఆయనే. కథ, చిత్రానువాదం, దర్శకత్వం సింగీతం శ్రీనివాసరావువి. థియేటర్లలో విడుదలైన ఆ చిత్రం తరువాతి తరాల ఇళ్లకు టెలివిజన్ ద్వారా చేరింది. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల ఇళ్లకూ అలాగే చేరింది. ఆ సంభాషణలు కాలాన్ని ఎలా వినిపించాయో, ఆ వినికిడిలో ఉద్దానం వంటి సీమ పలుకుకు ఎంత చోటుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం – నుడికారం

నరసాపురంలో పుట్టిన జంధ్యాల సినిమాకన్నా ముందు రంగస్థల రచయిత. ఆయన రాసిన ‘గుండెలు మార్చబడును’ పేరులోనే ఆయన పద్ధతి తెలుస్తుంది. 1967లో దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చిన తరువాత గుండె మార్పిడి లోకమంతటికీ తెలిసిన సంగతి అయింది. ‘బడును’ అనే కర్మణి రూపం మనుషులు మాట్లాడుకునే తెలుగు కాదు, దుకాణం బోర్డు తెలుగు. శస్త్రచికిత్సను అంగడి పలక మీదికి తేవడంలో హాస్యం ఉంది. ‘గుండె’ అనే మాట అవయవాన్నీ ధైర్యాన్నీ మనసునూ ఒకేసారి చెప్పడంలో లోతు ఉంది. శాస్త్ర విషయాన్ని పరిభాషతో కాక నుడికారంతో తెలుగులోకి తెచ్చే ఈ నేర్పే తరువాత కాలయంత్రం కథకు పనికివచ్చింది.

మూడు కాలాలు, రెండు పలుకులు

ఎచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషిన్’ (1895)లో భవిష్యత్తుకు వెళ్లిన యాత్రికుడికి అక్కడివారి భాష అర్థం కాదు. దానిని అతడు కొద్దికొద్దిగా నేర్చుకోవలసి వస్తుంది. ‘ఆదిత్య 369’లో ఆ అడ్డంకి లేదు. వర్తమానం నుంచి 1526కు, అంటే శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లినవారు సభలో సులువుగానే సంభాషిస్తారు. తేడా భాషలో కాక శైలిలో ఉంటుంది. రాజు, సభాసదుల మాటలకు గ్రాంథిక ఛాయ. వర్తమానపు పాత్రలది వాడుక భాష. ప్రేక్షకుడు శతాబ్దాన్ని చెవితో గుర్తుపడతాడు. గ్రాంథికం గతానిదని పౌరాణిక నాటకమూ సినిమా అప్పటికే తెలుగు చెవికి అలవాటు చేశాయి. నాటకరంగం నుంచి వచ్చిన జంధ్యాల ఆ అలవాటును కాలయంత్రానికి తోడుచేశారు.

2504కు వెళ్లేసరికి అటువంటి ఆసరా లేదు. ప్రపంచ యుద్ధం తరువాత రేడియేషన్ వల్ల మనుషులు భూమి లోపల బతికే కాలం అది. గతానికి ఒక తెలుగు సిద్ధంగా ఉన్నట్టు భవిష్యత్తుకు లేదు. రాబోయే కాలపు మనిషి ఏ తెలుగు మాట్లాడతాడన్న ప్రశ్నను ఆ చిత్రం తరువాతి రచయితలకు మిగిల్చింది.

ఉద్దానం వైపు నుంచి

ఈ ప్రశ్న ఉద్దానంలో మరింత పదునుగా వినిపిస్తుంది. రాయలు కళింగ దండయాత్ర చేసి, సింహాచలంలో శాసనాలు వేయించి, సంధి తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భూములను ప్రతాపరుద్ర గజపతికి తిరిగి ఇచ్చాడు. కనుక 1526లో ఈ తీరం విజయనగరానిది కాదు, గజపతులది. తెర మీద వినిపించే ‘మన గతం’ ఇక్కడివారికి పక్క రాజ్యపు గతం. ఒడియా ఇరుగుపొరుగున పెరిగిన ఇక్కడి పలుకులో ‘ఏమిటి’ కాదు, ‘ఏటి’. ‘వెళ్లిపోయాడు’ కాదు, ‘ఎల్లిపోనాడు’. టెక్కలికి దూరం కాని పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడారు. అయినా తెరకెక్కిన వాడుక భాష ప్రధానంగా మధ్య కోస్తా శిష్టులది. ఉత్తరాంధ్ర పలుకు ఎక్కువగా నవ్వు పుట్టించే పాత్రలకే మిగిలింది. ఇది జంధ్యాల ఒక్కరి పరిమితి కాదు, తెర మొత్తానిది.

‘ఉద్యానం’ అనే మాటే ‘ఉద్దానం’ అయిందంటారు. కొబ్బరి, జీడి తోటల ఈ సీమను దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఏళ్లుగా పీడిస్తోంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలనే కూల్చింది. నేల పైకి చూడటానికి పచ్చగానే ఉన్నా తాగే నీటిని శంకించవలసి రావడం విజ్ఞాన కల్పనకు తగిన ఇతివృత్తం. ఇక్కడ అది దినచర్య. డయాలసిస్ యంత్రం పక్కన గంటల తరబడి పడుకునే జీడిపిక్కల కార్మికుడికి, యంత్రమే ఆయువును కొలిచే కాలం ఇప్పటికే వచ్చింది. అతడి మాటను అతడి యాసలోనే, నవ్వులాటగా కాక, తెరకు ఎక్కించే రచయిత కావాలి. గుండె మార్పిడిని బోర్డు భాషలో చెప్పిన జంధ్యాల పద్ధతి అటువంటి రచయితకు మంచి మార్గం.

ముగింపు

బ్రిటన్‌లో నైజెల్ నీల్ (1922–2006) రాసిన ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ను 1953లో బీబీసీ ఆరు భాగాలుగా ప్రత్యక్ష ప్రసారం చేసింది. వాటిలో మొదటి రెండు భాగాల దృశ్యాలే నేడు మిగిలాయి. తక్కిన నాలుగూ చదవడానికైనా దొరుకుతున్నాయంటే, పెంగ్విన్ సంస్థ 1959లో ఆ రచనను పుస్తకంగా వేయడమే కారణం. దృశ్యం పోయినా రచన మిగిలింది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథకు ఆ మేలే చేసింది. తెర రచనకూ అటువంటి నిలయం అవసరం. అందుకు తొలి అడుగుగా ‘ఆదిత్య 369’ సంభాషణలను పాత్రలవారీగా, కాలాలవారీగా, శైలి భేదాలతో లిఖితరూపంలోకి తేవడం తెలుగు శాఖల పరిశోధకులకు అందుబాటులో ఉన్న పని. మాటల రచయితను మాటల ద్వారా తలచుకోవడమే ఆయనకు తగిన స్మరణ. ఆ మాటల్లో ఏ సీమ పలుకు వినబడలేదో గుర్తించడమూ ఆ స్మరణలో భాగమే.