ఇరుకున్న చోటే ఖర్చు

పాత వస్తువు మొరాయించగానే కొత్తది కొనాలన్న ఆలోచన వస్తుంది. అందులో మొరాయిస్తున్నది ఏ భాగమన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. చాలాసార్లు రానే రాదు. ముందు ప్రశ్న, తర్వాత కొనుగోలు అన్న వరస పెట్టుకుంటే చిన్న సంపాదనలో బతికేవాళ్లకు మిగిలే డబ్బు తక్కువేమీ కాదు. 2023లో నా కంప్యూటర్ విషయంలో వేసుకున్న లెక్క ఇది. అంకెలు నావే అయినా పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది.

ఖమ్మంలో ఇంటి నుంచే చిన్న దుకాణాల లెక్కలు రాస్తాను. కిరాణా కొట్టు, మందుల షాపు, హార్డ్‌వేర్ దుకాణం ఇలాంటివి. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించడం, జీఎస్టీ రిటర్నులు నెలనెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, 20లోపు జీఎస్టీఆర్-3బి వేయడం నా పని. నా డెస్క్‌టాప్ 2016లో కొన్నది: ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఏడేళ్లకు దాని పరిస్థితి ఎలా ఉండేదంటే, స్విచ్ వేసి ఇంట్లో ఒక పని చక్కబెట్టుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. టాలీ తెరిచి బ్రౌజర్ కూడా తెరిస్తే రెండూ నిలిచిపోయేవి.

షాపులో అడిగితే, ‘ఏడేళ్లయింది కదా మేడమ్, ఇంక దీనికి డబ్బులు పెట్టకండి. కొత్తది తీసుకోండి, నో కాస్ట్ ఈఎంఐ పెట్టిస్తా’ అన్నారు. కొటేషన్ 46,000 రూపాయలు. నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. ఆ మేరకు ధరలో ముందే తగ్గిస్తారు కాబట్టి మనకు కనబడదు. ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ కొన్నవాళ్లే కట్టుకోవాలి. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి ముందు జబ్బేమిటో చూశాను.

దానికి పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కంప్యూటర్ నత్తనడక నడుస్తున్న సమయంలోనే దాన్ని చూడాలి. నా తెర మీద సీపీయూ 10, 15 శాతం మధ్య ఊగుతోంది. మెమరీ 85 దాటింది. డిస్క్ దగ్గర 100 శాతం, ఆ గడి ఎర్రబడి ఉంది. అంటే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుని డిస్క్ ఎప్పుడు అందిస్తుందా అని ఎదురుచూస్తోంది. రోడ్డంతా వెడల్పుగా ఉండి ఒక్క వంతెన దగ్గరే ఇరుకైతే, డబ్బు పెట్టాల్సింది ఆ వంతెనకే.

హార్డ్ డిస్క్‌లో పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. కావాల్సిన ఫైలు ముక్క దగ్గరికి రీడింగ్ హెడ్ జరగడానికి 8, 9 మిల్లీసెకన్లు, ఆ ముక్క తిరిగి హెడ్ కిందికి రావడానికి సగటున మరో 4 మిల్లీసెకన్లు పడుతుంది. అలా సెకనుకు డెబ్బై, ఎనభై చోట్లకు మించి వెళ్లలేదు. విండోస్ మొదలవ్వాలంటే వేల చిన్న ఫైళ్లు చదవాలి. పైగా 4 జీబీ ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది, దాంతో భారం ఇంకా పెరుగుతుంది. హార్డ్ డిస్క్ బదులు వాడే ఎస్‌ఎస్‌డీ (సాలిడ్ స్టేట్ డ్రైవ్)లో కదిలే భాగాలే లేవు. ఏ మూలనున్న ఫైలైనా మిల్లీసెకనులో పదో వంతు లేదా అంతకన్నా తక్కువలో దొరుకుతుంది. హార్డ్ డిస్క్ తగిలించే సాటా కనెక్షన్‌కే పట్టే ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ పైగా చదువుతుందని పెట్టె మీద రాస్తారు. రోజువారీ పనిలో తేడా తెచ్చేది మాత్రం ఈ వెతుకులాట తగ్గడమే.

అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం నాకు అక్కర్లేకపోయింది. నా మదర్‌బోర్డులో దానికి స్లాటే లేదు. 2.5 అంగుళాల సాటా రకం పాతవాటికీ సరిపోతుంది, రేపు కొనే డెస్క్‌టాప్‌లోనూ చాలావరకు పడుతుంది. ఇక సైజు. 240 జీబీది 1,500, 480 జీబీది 2,600 చెప్పారు. జీబీకి లెక్క కడితే పెద్దదే చవక. పైగా ఎస్‌ఎస్‌డీ నిండిపోతున్నకొద్దీ నెమ్మదిస్తుంది, ఐదో వంతైనా ఖాళీ ఉంచాలి. అందుకని 480 తీసుకున్నాను. 8 జీబీ ర్యామ్‌కు 1,700, సాటా కేబుల్, బ్రాకెట్, బిగింపు కూలీ కలిపి 500. మొత్తం 4,800. కేబుల్ చాలావరకు ఎస్‌ఎస్‌డీ పెట్టెలో రాదు, విడిగా అడగాలి. బిల్లు లేకుండా కాస్త తగ్గిస్తామన్నా ఒప్పుకోలేదు. సీరియల్ నంబరు ఉన్న బిల్లే మూడేళ్ల వారంటీకి ఆధారం.

ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది. దానికీ లెక్కుంది. నేను కొన్నదానికి కంపెనీ ఇచ్చిన రాత పరిమితి, అంటే దాని మీద మొత్తం రాయదగ్గ డేటా, 120 టీబీ. నా పనికి రోజుకు 20 జీబీ రాస్తుందని ఎక్కువగానే అనుకున్నా ఏడాదికి 7 టీబీ చిల్లర. ఆ పరిమితి చేరడానికి పదహారేళ్లు పట్టాలి.

విండోస్‌ను ఎస్‌ఎస్‌డీలోకి మార్చే ముందు పాత హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూసుకోవాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ‘గుడ్’ అని చూపిస్తే సరే, ‘కాషన్’ అంటే అన్నిటికన్నా ముందు డేటాను బయటికి కాపీ చేసుకోవాలి. తర్వాత సీ డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయించాను. క్లోన్ అయ్యాక మొదటిసారి పాత డిస్క్ కేబుల్ పీకేసి ఆన్ చేయాలి. రెండూ ఒకే గుర్తుతో ఉంటే విండోస్ తికమక పడుతుంది. ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో సజావుగా మొదలైందని తేలాకే పాతది తగిలించి, బయోస్‌లో బూట్ వరస సరిచేసి, కొద్దిరోజులు ఆగి పాత సీ డ్రైవ్‌ను తుడిచేశాం.

ఆ 1 టీబీ హార్డ్ డిస్క్ ఇప్పుడూ పనిచేస్తోంది. విండోస్, టాలీ, నడుస్తున్న ఏడాది లెక్కలు ఎస్‌ఎస్‌డీ మీద. స్కాన్ చేసిన బిల్లులు, పాత సంవత్సరాల డేటా, రోజూ తీసే టాలీ బ్యాకప్ హార్డ్ డిస్క్ మీద. ఎస్‌ఎస్‌డీ ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా పోవచ్చు, అందులోంచి డేటా వెనక్కి తీయడం కష్టం. వైరస్ వస్తే ఒకే డబ్బాలోని రెండు డిస్కుల్లోని డేటా కూడా పోవచ్చు. అందుకే వారానికోసారి బయటి డ్రైవ్‌లోకి కూడా కాపీ చేసి విడిగా పెడతాను. ఇవి నా ఒక్కదాని లెక్కలు కావు, నన్ను నమ్మి ఇచ్చిన దుకాణాలవి.

ఇక అసలు లెక్క. 4,800 ఎక్కడ, 46,000 ఎక్కడ అని సంబరపడిపోకూడదు, ఎందుకంటే రెండింటి ఆయుష్షు ఒకటి కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగుతుందని అప్పటికే తెలుసు. ఆరో తరం ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. కాబట్టి నేను కొన్నది రెండేళ్ల ఆయుష్షు: నెలకు 200. కొత్తది ఆరేళ్లు వస్తుందనుకుంటే నెలకు 640. ఇలా నెలకు కట్టి చూశాకే బాగుచేయించడం లాభమని ఒప్పుకున్నాను. ఆదా అయిన సమయాన్ని మాత్రం లాభంలో వేసుకోలేదు. ఆ సమయంలో కొత్త పని ఒప్పుకుంటేనే అది డబ్బవుతుంది. తర్వాత మరో దుకాణం లెక్కలు తీసుకున్నాకే దాన్ని ఆదాయంలో రాసుకున్నాను.

మిగిలిన డబ్బుకు కంప్యూటర్ బాగుచేయించిన వారమే ఒక చోటు చూపించాను. ఈఎంఐ అయితే నెలకు నాలుగు వేల దాకా కట్టాల్సింది. అందులో సగం, 2,000 చొప్పున కంప్యూటర్ కోసమే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. రెండేళ్లకు అసలే 48,000, వడ్డీ అదనం. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు పెరిగినప్పుడు తొందరపడే అవసరం రాలేదు. విండోస్ 10కి 2026 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్లు పొందే వీలు మైక్రోసాఫ్ట్ ఇవ్వడంతో దాన్ని వాడుకుంటున్నాను.

అన్ని కంప్యూటర్లకూ ఇది మందు కాదు. సీపీయూనే ఎప్పుడూ 90, 100 దగ్గర ఉంటే, మదర్‌బోర్డు తడబడుతుంటే, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పనికి మారుతుంటే పాతదానికి పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే. అలాంటప్పుడు కొత్తదే కొనండి. డిస్క్ దగ్గరే 100 కనిపిస్తే మాత్రం కొటేషన్ మీద సంతకం పెట్టకముందు రెండు ఖర్చులనూ నెలకు ఎంతో కాగితం మీద రాసి చూడండి. తక్కువ ఖర్చు దారి ఎంచుకుంటే, ఆ మిగులును అదే నెలలో డిపాజిట్‌లో వేయండి. అలా వేసిన రోజే అది ఆదా అవుతుంది.