అద్దం మీద తిత్తి

ట్యాబ్‌లో కన్సర్టీనా యాప్ పెట్టుకుని సింథసైజర్ వాయించేవాళ్ళంటే నాకు ఇష్టమే. నేనూ ఆ గుంపులోవాణ్ణే. నాకు ఒళ్ళు మండేది ఒక్కదానికే: బొత్తాం నొక్కగానే స్వరం నిండుగా మొదలై, గీత గీసినట్టు ఒకే మోతన సాగి, వేలు తీయగానే టక్కున తెగిపోవడం. బొత్తాలన్నీ ఉంటాయి. వాటి వరుసలు సరిగ్గానే ఉంటాయి. తెర మీద నగిషీ చెక్కిన చెక్క బొమ్మ కూడా ఉంటుంది. తిత్తి మాత్రం ఉండదు. తిత్తి లేనిదాన్ని కన్సర్టీనా అనడానికి నాకు నోరు రాదు.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. అది రెండు అరచేతుల మధ్య ఇమిడే ఆరుపలకల పెట్టె. రెండు కొసల్లోనూ బొత్తాలు, నడుమ మడతల తిత్తి. ఇంగ్లీషు రకంలో మామూలుగా నలభై ఎనిమిది బొత్తాలు ఉంటాయి. దాన్ని చేసినవాడు చార్లెస్ వీట్‌స్టన్. ఇంటర్ ల్యాబులో మనందరం తంటాలు పడ్డ వీట్‌స్టన్ బ్రిడ్జి ఈయన పేరు మీదిదే. నిజానికి ఆ బ్రిడ్జిని 1833లో మొదట వివరించింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ, పేరు మాత్రం వీట్‌స్టన్‌కి దక్కింది. పెట్టె విషయంలో ఆ పేచీ లేదు. 1829లో ఆయన సింఫోనియం అనే చిన్న వాద్యానికి పేటెంటు తీసుకున్నాడు. అది నోటితో ఊదేది, రెండు పక్కలా బొత్తాలుండేవి. 1844లో కన్సర్టీనాకి పేటెంటు వచ్చింది. అంటే బొత్తాలు ముందే కుదిరాయి, ఆ తర్వాత మారింది గాలి. నోటి ఊపిరికి బదులు తిత్తి వచ్చాకే అది ఇంగ్లండు పెద్దింటి హాళ్ళలోకీ, సాల్వేషన్ ఆర్మీ వీధి ప్రార్థనల్లోకీ వెళ్ళింది. ఐర్లండులోని క్లేర్ కౌంటీ నాట్యాలకు మోగింది దాని ఆంగ్లో రకం. అందులో తిత్తి నొక్కితే ఒక స్వరం, అదే బొత్తాం మీద తిత్తి లాగితే ఇంకో స్వరం. మౌత్ ఆర్గాన్ ఊదినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

లోపల ఉన్నది మన హార్మోనియం జాతి రీడే. పలచని లోహపు నాలుక, దాని మీదుగా గాలి. గాలి పెరిగితే మోత పెరుగుతుంది, నాదం పదునెక్కుతుంది, శ్రుతి వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. మంద్రస్థాయి రీడు పలకడానికి క్షణకాలం ఆలస్యం చేస్తుంది. వీటన్నిటి కంటే ముఖ్యం ఇంకోటి ఉంది. ఎన్ని బొత్తాలు నొక్కినా తిత్తి ఒక్కటే, అన్ని స్వరాలకూ గాలి ఒక్కటే. పియానో సంగతి వేరు. అక్కడ ప్రతి మెట్టుకీ దాని సుత్తి దానిది, గట్టిగా కొడితే గట్టిగా మోగుతుంది. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి వచ్చినప్పుడు ఆ పియానో అలవాటే సింథసైజర్లకూ సంక్రమించింది: ఏ స్వరం, ఎంత వేగంగా కొట్టారు, అంతే. రీడు వాద్యానికి ఆ వేగంతో పనే లేదు. దానికి కావలసింది మిడిలోనే పక్కన ఉంది. పదకొండో కంట్రోలరు, సున్నా నుంచి నూట ఇరవై ఏడు దాకా స్వరం సాగుతుండగానే మోతను పెంచి తగ్గించేది. ఊపిరి కోసం ప్రత్యేకంగా రెండో కంట్రోలరు ఉంది. యమహా డీఎక్స్7కి 1983లోనే నోటితో ఊది నాదాన్ని నడిపే గొట్టం తగిలించుకునే సదుపాయం ఉండేది. ఇన్ని దారులు తెరిచి పెట్టి ఉంటే, గాలి లేకుండా వాయిస్తామంటే నేనెలా ఊరుకోను?

ట్యాబ్ మీద గాలి పుట్టించడానికి రకరకాల ఉపాయాలు ఉన్నాయి. ట్యాబ్‌ని అటూ ఇటూ వంచితే లోపలి సెన్సరు దాన్ని తిత్తి కదలికగా లెక్కేసుకునే పద్ధతి ఒకటి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాయించడానికి పనికిరాదు. అసలు కన్సర్టీనాలో బొత్తాం వేలికి తగులుతుంది, చూడనక్కర్లేదు. అద్దం మీద గట్టూ గుంటా ఏమీ లేవు, చూసి తీరాలి. చూడవలసిన తెరనే వంచుతుంటే కన్నెక్కడ నిలుస్తుంది? వేలిని బొత్తాం మీదే పైకి జరిపితే మోత పెరిగే పద్ధతి మెరుగు, కానీ ఒక్కో వేలికి ఒక్కో గాలి అవుతుంది, ఒకే తిత్తి అన్న ధర్మం పోతుంది. నా మట్టుకు నాకు కాలి పెడలే సరైన తిత్తి. చేతులు బొత్తాలకి, కాలు గాలికి.

నేను కట్టుకునే తీరు ఇది. ట్యాబ్ నుంచి సింథసైజర్‌కి కేబులే వేస్తాను. బ్లూటూత్‌లో స్వరం వేలి వెనకాల వస్తుంది, అది నాకు సహించదు. పెడల్‌ని మోతకొక్కదానికే కట్టను, ఫిల్టరుకీ కడతాను, శ్రుతికీ పిసరంత కడతాను. మడమ మీద బరువు ఆనించి షడ్జం పట్టుకుంటే మొదట ఏమీ వినపడదు. పాదం మెల్లగా వాలుతుంటే ముక్కుతో అన్నట్టు ఒక గొణుగుడు మొదలవుతుంది. ఇంకా వాలితే ఫిల్టరు తెరుచుకుని నాదం విచ్చుకుంటుంది. పూర్తిగా తొక్కితే చెవి దగ్గర నిజమైన రీడు గాలికి ఒరిగినట్టే శ్రుతి కొంచెం వంగుతుంది. పంచమం కలపండి. రెండూ ఒకే గాలి మీద కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. సింథసైజర్‌కి ప్రాణం వచ్చిందని నేను నమ్మేది అక్కడే.

బొత్తాల వరుసల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. 1896లో కాస్పర్ విక్కీ అనే స్విస్ ఆయన పేటెంటు తీసుకున్న, తర్వాత బ్రయన్ హేడెన్ అనే ఇంగ్లీషు ఆయన తనంతట తాను మళ్ళీ కనిపెట్టిన అమరిక ఒకటి ఉంది. అందులో స, రి, గ ఒక వరుసలో పక్కపక్కనే. పై వరుసలో మ, ప, ద, ని. ఆ పైన తారస్థాయి షడ్జం. శంకరాభరణం అంతా అరచేతిలో ఇమిడిపోతుంది. మన సరళి వరుసల మాయామాళవగౌళ పట్టండి. స నుంచి శుద్ధ రిషభానికి వేలు పై వరుసలోకి ఎడమగా వెళ్ళాలి, గాంధారానికి కిందికి దిగాలి, మధ్యమానికి మళ్ళీ పైకి. ఇక పంచమం నుంచి మొదలుపెట్టి ధైవతం, నిషాదం, పై షడ్జం వాయించి చూడండి. వేళ్ళు అచ్చంగా అదే ఆకారంలో నడుస్తాయి, ఒక వరుస పైన, అంతే. పూర్వాంగం, ఉత్తరాంగం ఒకే పోలిక అని మేస్టార్లు నోటితో చెప్పేది ఇక్కడ కంటికి కనపడుతుంది. ఒకటి శ్రుతి నుంచి ఐదు శ్రుతికి మారాలంటే చెయ్యి జరిపితే చాలు, కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. హార్మోనియం మెట్ల మీద ఈ సుఖం లేదు.

గమకాల సంగతి అడుగుతారు. అద్దం మీద వేలు జారుతుంది, స్వరం వెంట జారుతుంది. జియోష్రెడ్ లాంటి యాప్‌లతో ఐప్యాడ్ మీద కర్ణాటక సంగీతం వాయించేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. మెట్ల హార్మోనియానికి ఈ జారుడు సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. దాని మీద పడ్డ నింద కూడా అదే.

ఆ నింద ఎంత దూరం వెళ్ళిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయటికి పంపేసింది. తిరిగి గడప తొక్కనిచ్చింది 1971లో. ముప్ఫై ఏళ్ళ పైన! విజయవాడ కేంద్రం 1948లో పుట్టేనాటికే ఆ వెలి అమల్లో ఉంది. దాని స్వరాలు గట్టిగా బిగిసిపోయినవి, గమకం పలకవు అన్నారు, నిజమే. కానీ దాని గాలిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గొంతు ఎంత లేస్తే అంత లేచే, ఎంత తగ్గితే అంత తగ్గే తోడును పెద్దలంతా కలిసి వెళ్ళగొట్టారు. అది తప్పు తీర్పు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను అదే అంటాను.

పల్లెటూళ్ళు ఆ తీర్పును ఖాతరు చేయలేదు. ఒకప్పుడు వీధి భాగవతాల్లో మేకతోలు తిత్తి శ్రుతి పట్టింది, ఆ తర్వాత పద్యనాటకానికి హార్మోనియం వచ్చింది. సురభివాళ్ళు 1885 నుంచి ఆడుతున్నారు, వాళ్ళ రంగస్థలాన్ని హార్మోనియం లేకుండా ఊహించగలమా? నా చిన్నప్పుడు మా వైపు ఊళ్ళల్లో స్టేజీ ముందు కింద కూచునే హార్మోనిస్టుకి జనంలో కృష్ణుడి వేషగాడితో సమానంగా పేరుండేది. అది కాలితో తొక్కే హార్మోనియం. చూడవలసింది ఆయన పాదాలే. నటుడు పద్యం చివర రాగం తీస్తున్నంతసేపూ రెండు పాదాలూ చిన్నగా, తడవకొక వేలెడు మేర ఆడేవి. గొంతు తారస్థాయికి ఎక్కబోతుందని ఆయనకు ముందే తెలిసేది, పాదం ఒక్క క్షణం ముందు బరువెక్కేది. గొంతు పైకి వెళ్ళేసరికి కింద నాదం సిద్ధంగా ఉండేది. నటుడు ఊపిరి పీల్చుకునే చోట ఈయన ఆపేవాడు కాదు, సన్నని పోగులా నిలిపి ఉంచేవాడు. వన్స్ మోర్ అని ఈలలు పడితే నటుడు నవ్వేవాడు, ఈయన మాత్రం ముఖం తుడుచుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టేవాడు. పాత ఫ్రెంచి హార్మోనియాల్లో ఒక మీట లాగితే నడుమ గాలి నిలవచేసే సంచి తప్పుకుని, పాదం ఒత్తిడి నేరుగా రీడుకి చేరేదట. మా ఊరాయన పెట్టెలో ఆ మీట ఉందో లేదో నేను చూడలేదు. ఆయన పాదానికి మాత్రం దాని అవసరం ఉన్నట్టు కనిపించలేదు.

ఇప్పుడు చాలాచోట్ల ఆ స్థానంలో ఎలక్ట్రానిక్ కీబోర్డు కూచుంది, అదీ గాలి లేకుండా. కీబోర్డు వాయించే తమ్ముళ్ళకి నేను చెప్పేది ఒకటే: దానికి పెడల్ కొనండి, రాగం తీసేటప్పుడు వాడండి. ఇక మీ ఊరి నాటక సమాజం గదిలో పాత కాలి హార్మోనియం ఏదైనా మూల పడి ఉంటే, తిత్తి చిరిగిందని తూకానికి వేసేయకండి. చిరిగేది తోలూ గుడ్డా, రీడ్లు కావు. తిత్తి కొత్తది కుట్టించుకోవచ్చు. బాగుచేయించి, తొక్కడం తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే పిల్లలచేత ఒకసారి తొక్కించండి.