పిండి పిసికే యంత్రమూ, పసుపు కొమ్మూ

మా యింట్లో ఏ పెద్ద ఆలోచన జరగాలన్నా ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాకే. ఆ ఆదివారం ఆలోచనకు కారణం మాత్రం ఒక ఊరగాయ సీసా.

మా శ్రీమతి సీసా మూత తిప్పబోయి, తిప్పలేక, "ఏమండీ, కాస్త దీని సంగతి చూడండి" అన్నది. ఇరవై ఏళ్ళ కాపురంలో మూత తీయమని ఆవిడ నన్ను అడగడం అదే మొదటిసారి. తీసి యిచ్చాను. అప్పుడు గమనించాను, కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకొని ఉన్నది. "ఎన్నాళ్ళ నుంచి?" అంటే "సంక్రాంతి నుంచి" అన్నది. అప్పటికి శివరాత్రి కూడా వెళ్ళిపోయింది!

డాక్టరు చూసి, మణికట్టు దగ్గర నరం నలుగుతున్నదనీ, చేతికి విశ్రాంతి కావాలనీ చెప్పాడు. కారణం వెతకనక్కర లేదు. మా అమ్మాయి నేర్పిన గోధుమ బ్రెడ్డు. ఏడాదిగా బజారు బ్రెడ్డు మాని, ప్రతి ఆదివారమూ కిలో గోధుమపిండితో ఆవిడే చేస్తున్నది.

"అయితే బ్రెడ్డు మానేద్దాం" అన్నాను, సమస్య తీరిపోయినట్టు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అన్నం, కూర, చారు మీ అందరి కోసం వండుతాను. నాకై నేను సరదా పడి చేసేది అదొక్కటే" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది.

మా అమ్మ అరుగు మీది నుంచి తీర్పు చెప్పింది. "నువ్వొక్కసారి పిసుకు కొడుకా, తెలుస్తది."

పిసికాను. కిలో పిండికి ముప్పాతిక లీటరుకు కాస్త తక్కువగా నీళ్ళు పోస్తే ముద్ద పదిహేడు వందల గ్రాములు తూగింది. దాన్ని మడవాలి, అరచేత్తో నెట్టాలి, తిప్పాలి, మళ్ళీ మడవాలి. పావుగంట! ఆరో నిమిషానికే నాకు చెమటలు పట్టాయి. నీళ్ళు తగిలిన గోధుమపిండిలో గ్లూటెన్ అనే సాగుడు పదార్థం ఏర్పడుతుంది. బ్రెడ్డు పొంగేటప్పుడు గాలిని పట్టి ఉంచేది అదే. మైదా అయితే తొందరగా లొంగుతుంది. పొట్టుతో ఆడించిన పిండి అట్లా కాదు. నీళ్ళు ఎక్కువ తాగుతుంది, పొట్టు ఆ సాగే తీగలను తెంపుతూ ఉంటుంది. మా అమ్మ జొన్నరొట్టెకు ఈ బాధ లేదు. జొన్నలో గ్లూటెన్ లేదు గనుక, వేడినీళ్ళు పోసి ఒక్కో రొట్టెకు సరిపడా ముద్దను అరచేత్తో మెదుపుకుంటే చాలు.

సరే, యంత్రం కొనాలనుకున్నాం. యింట్లో మిక్సీ ఉన్నది గదా అని మొదట అనిపించింది. కాని అది గబగబా తిరిగే బ్లేడుతో నూరేందుకు పుట్టినది. 1960 దశకంలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు, భార్య వాడే జర్మనీ మిక్సీ మన వంటకు తట్టుకోలేక పాడైతే, పూనుకొని సుమీత్ మిక్సీని తయారు చేశాడు. పని బరువును బట్టి యంత్రం ఉండాలన్నది ఆ కథలోని నీతి. పిండి కలిపే బ్లేడు నాలుగు చపాతీలకు చాలుతుంది గాని, కిలో బ్రెడ్డు ముద్దకు చాలదు. పైగా ఆ వేగానికి ముద్ద వేడెక్కుతుంది.

దీనికి స్టాండు మిక్సరు వేరే ఉన్నది. గిన్నె కదలదు, కొక్కెం తన చుట్టూ తాను తిరుగుతూ, భూమి సూర్యుణ్ణి చుట్టినట్టు గిన్నెనంతా చుట్టి వస్తుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు హెర్బర్ట్ జాన్‌స్టన్ 1908లో బేకరీల కోసం ఇటువంటిది రూపొందించాడు. యిళ్ళకు పనికివచ్చే హెచ్-5 అనే మిక్సరు 1919లో వచ్చింది. దాని బరువు సుమారు ముప్పై కిలోలు!

నిజామాబాదులో ఒక దుకాణానికి పోయాం. అమ్మే కుర్రవాడు తళతళలాడే ఎర్ర మిక్సరు చూపి, "పదిహేను వందల వాట్లు సార్, అయిదు లీటర్ల గిన్నె" అన్నాడు. "గోధుమపిండి ఎంత పిసుకుతుంది?" అని మా శ్రీమతి అడిగింది. "అయిదు లీటర్లమ్మా" అని మళ్ళీ అన్నాడు. నేను వాట్లకు మురిసి డబ్బులు తీయబోయాను గాని, ఆవిడ యింటికి పదమన్నది.

సంగతి విని మా అమ్మ నవ్వింది. "పసుపు మెరుగు జూసి ఎవలన్న కొంటరా కొడుకా? కొమ్ము ఇరిచి జూస్తరు గని!"

ఆర్మూరులో పుట్టిన నాకు ఆ ముక్క తోచకపోవడం సిగ్గుచేటే. ఉడకబెట్టి ఎండించిన పసుపును డ్రమ్ములో వేసి తిప్పితే ఏ కొమ్మయినా మెరుస్తుంది. సరిగా ఎండిన కొమ్ము మాత్రం విరిస్తే ఖణీమని పలుకుతుంది. వాట్లు కూడా మెరుగువంటివే. అవి మోటారు తినే కరెంటును చెబుతాయి గాని, కొక్కెం దాకా చేరే బలాన్ని చెప్పవు. లీటర్లు గిన్నెలో పట్టే క్రీముకు లెక్క, ముద్దకు కాదు.

మరుసటి ఆదివారం కిలో పిండి సంచీలో కట్టుకొని పోయాం. కుర్రవాడు నవ్వాడు గాని కాదనలేదు. నీళ్ళు కలిపి అరగంట తడిగుడ్డ కింద నాననిచ్చాం. అట్లా నానితే గ్లూటెన్ సగం దానంతటదే ఏర్పడి, పిసికే శ్రమ తగ్గుతుంది. ఎర్ర మిక్సరు మూడో నిమిషానికి తల ఎగరేసి, బల్ల మీద నడక సాగించి, కాలిన వాసన వేసింది. పక్కనే ఉన్న బూడిదరంగు మిక్సరుకు వాట్లు సగమే. తూకం మాత్రం ఎక్కువ, లోపలి పళ్ళచక్రాలు లోహానివి. దాని పుస్తకంలో లీటర్లు కాక, పొట్టుపిండి ఎన్ని గ్రాములదాకా, ఏ వేగంలో, ఎన్ని నిమిషాలు అన్నది విడిగా రాసి ఉన్నది. మా ముద్దను అది నెమ్మదిగా, ఊగకుండా పిసికింది. మా శ్రీమతి చిన్న ముక్క తుంపి పల్చగా సాగదీసి, వెలుతురుకు పట్టి చూసింది. చిరగలేదు. "ఇది" అన్నది. ధర నేననుకున్నదానికి దాదాపు రెట్టింపు. ఈసారి నేను నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆదివారం ఉదయం ఆ యంత్రం పనిచేసే పది నిమిషాలూ ఆవిడ పక్కనే కుర్చీ వేసుకొని వారపత్రికలో సీరియలు చదువుకుంటుంది. మణికట్టు గుడ్డ ఇంకా విప్పలేదు గాని, మొన్న ఊరగాయ సీసా తానే తీసింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.