బ్లెచ్లీలో ఒక ఆదివారం

ఇంగ్లండులో ఏమేమి చూచారని మనవాళ్ళను అడిగితే లండను టవరు, మేడం టుస్సాడ్సు, షేక్‌స్పియరు పుట్టిన ఊరు అని వరసగా చెబుతారు. బ్లెచ్లీ పేరెత్తితే మాత్రం "అక్కడ ఏముందండీ?" అంటారు. మేమూ ఆరేళ్ళుగా నార్తాంప్టనులో కాపురముంటూ, రైలెక్కి లండను వెళ్ళినప్పుడల్లా ఆ స్టేషను దాటిపోతూ, ఒక్కసారీ దిగిన పాపాన పోలేదు. చివరకు మమ్మల్ని అక్కడికి పంపింది 2023లో మా వార్డులో చేరిన ఒక ముసలావిడ.

ఆవిడకు తొంభైయెనిమిదేళ్ళు. తుంటి ఎముక విరిగి వచ్చింది. రివాజు ప్రకారం పూర్వం ఏం ఉద్యోగం చేశారని అడిగితే "గుమాస్తా పని" అన్నది. రాసుకున్నాము. రెండో వారంలో, వ్యాయామం చేయించే అమ్మాయి ఆవిడ భుజబలాన్ని మెచ్చుకుంటే, "యుద్ధంలో రోజంతా డ్రమ్ములు మార్చేదాన్ని" అన్నది. ఏం డ్రమ్ములని అడిగాము. ఆవిడ ఒక క్షణం ఆలోచించి, "ఇప్పుడు చెప్పవచ్చునట" అన్నది. ఆయన 1970లో పోయారట. ఆయనకు చెప్పలేదట. చెప్పవద్దన్నారు, చెప్పలేదు. అంతే.

ఆ వేసవిలో ఒక ఆదివారం పులిహోర, పెరుగన్నం కట్టుకొని మేమిద్దరం బయలుదేరాము. మాకు అరగంట ప్రయాణం. స్టేషను నుంచి గేటుకు నాలుగడుగులు. ఆ నాలుగడుగులలోనే కథ ఉన్నది. లండను నుంచి ఉత్తరాదికి పోయే రైలుమార్గము, ఆక్స్‌ఫర్డు నుంచి కేంబ్రిడ్జికి పోయే మార్గము ఆ రోజుల్లో ఇక్కడే కలిసేవి. రెండు విశ్వవిద్యాలయాల పండితులను రప్పించటానికి ఇంతకన్న అనువైన చోటు ఉండదు గదా! 1938లో బ్రిటిషు గూఢచారి శాఖ ఈ తోటను తీసుకున్నది. మొదట వచ్చిన బృందం ఊళ్ళోవాళ్ళకు, కెప్టెన్ రిడ్లీ అనే దొరగారితో వేటకు వచ్చామని చెప్పుకున్నదట.

మధ్యనున్న భవంతి, తరానికొకరు తమకు తోచిన గది పెంచుకుంటూ పోయిన జమీందారు లోగిలిలాగా ఉన్నది. ఒక పక్క పచ్చబడిన రాగి గుమ్మటం, ఇంకొక పక్క ఇటుక గోడలు. అసలు పని జరిగింది అందులో కాదు, చుట్టూ వేసిన చెక్క షెడ్లలో. వాటికి పేర్లు లేవు, అంకెలే. ఎనిమిదో షెడ్డులో ఆలన్ ట్యూరింగు బల్ల చూచాము. ఆయన టీ కప్పును ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో కట్టేవాడట. జూనులో పుప్పొడి పడక తుమ్ములొస్తే గ్యాస్ మాస్కు తగిలించుకొని సైకిలు మీద ఆఫీసుకు వచ్చేవాడట. వైద్యులుగా మేము ఈ చికిత్సను తప్పుపట్టలేము. మందుల ఖర్చు లేదు.

ఇంతకీ వీరు విప్పవలసిన చిక్కు ఏమిటంటే ఎనిగ్మా. చూడటానికి టైపు మిషను లాంటిదే. ఒక మీట నొక్కితే కరెంటు మూడు చక్రాలగుండా వెళ్ళి, వెనక్కు తిరిగి, వేరొక అక్షరం కింద దీపం వెలిగిస్తుంది. నొక్కినప్పుడల్లా చక్రం ఒక మెట్టు తిరుగుతుంది కాబట్టి, అదే మీట మళ్ళీ నొక్కితే ఇంకో దీపం వెలగవచ్చు. చిన్నప్పుడు మనం మాట్లాడుకున్న 'క' భాష ఉన్నది చూడండి, "కనుకవ్వు కరా" అని, దానిని మూడో రోజుకల్లా మేనత్త పట్టేసేది, ఎందుకంటే సూత్రం మారదు. ఇక్కడ సూత్రం అక్షరానికొకసారి మారుతుంది. చక్రాల అమరిక, ముందుపక్క తీగల అమరిక రోజూ మార్చేవారు. అన్ని విధాలూ కలిపి లెక్కిస్తే ఇరవైయొక్క అంకెల సంఖ్య వస్తుంది.

దీన్ని మొదట విప్పింది ఇంగ్లీషువారు కారు. ఈ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఒక జర్మను ఉద్యోగి, హాన్స్ తిలో ష్మిట్ అనేవాడు, డబ్బు కోసం ఎనిగ్మా కాగితాలు ఫ్రెంచివారికి అమ్మాడు. అవి పోలండు చేరినవి. అక్కడ మారియన్ రెయెవ్‌స్కీ అనే యువకుడు 1932 డిసెంబరులో గణితం ప్రయోగించి యంత్రం లోపలి తీగలను కనిపెట్టాడు. యుద్ధానికి అయిదారు వారాల ముందు, 1939 జూలైలో, పోలండువారు తమకు తెలిసినదంతా వార్సా దగ్గర ఒక అడవిలో ఇంగ్లీషువారికి, ఫ్రెంచివారికి ధారపోశారు. ఆ ముగ్గురు పోలిషు గణితజ్ఞుల స్మారకచిహ్నం ఇక్కడి పెరట్లో ఉన్నది. జనం దాని దగ్గర ఎక్కువసేపు ఆగటం లేదు.

యంత్రంలో ఒక లోపమున్నది. ఏ అక్షరం నొక్కినా అదే అక్షరం మాత్రం వెలగదు. మనుషులలో ఇంకో లోపమున్నది. చెప్పిందే చెబుతారు. జర్మను ఆపరేటర్లు తెల్లవారగానే వాతావరణం అని మొదలుపెట్టేవారు. ఏమీ జరగని స్థావరంవాడు రోజూ "విశేషాలేమీ లేవు" అని పంపేవాడు. బ్లెచ్లీవారు ఆ మాటను చీటీ మీద రాసి, గూఢలిపి కింద పెట్టి జరుపుతూ, పై అక్షరము కింది అక్షరము ఎక్కడా ఒకటి కాని చోటు వెతికేవారు. అక్కడ దొరికిన కొస పట్టుకొని మిగతాది లాగేవారు.

ఆ పలక ముందు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూచుకున్నాము. "ఇక్కడ అందరం క్షేమం, విశేషాలేమీ లేవు" అన్న వాక్యం లేని ఉత్తరం మన ఇళ్ళల్లో ఎప్పుడైనా చదివామా? ఇప్పుడు ఉత్తరాలు పోయి ఫోన్లు వచ్చినవి. అంతకు రెండేళ్ళ క్రితం మేము పరీక్షకు చదువుతున్న రోజుల్లో, వరుసగా మూడు ఆదివారాలు గుంటూరుకు ఫోను చేస్తే, మూడుసార్లూ అమ్మ "నాన్నగారు స్నానం చేస్తున్నారు" అన్నది. మేము సరేనన్నాము. ఆ మూడు వారాలలో ఆయనకు గుండెపోటు వచ్చి, ఆసుపత్రిలో స్టెంటు వేయించుకొని ఇంటికి వచ్చారు. పరీక్ష అయిన మర్నాడు చెప్పారు. "మీరు చదువుకుంటున్నారు గదా" అన్నది అమ్మ. ఒకే మాట, ఒకే వేళ, మూడుసార్లు! ఇంట్లో ఇద్దరు డాక్టర్లుండి పట్టలేకపోయాము. ఇక్కడి పద్దెనిమిదేళ్ళ పిల్లలు పట్టేవారు.

ఆ పిల్లలే మా ముసలావిడ, ఆవిడ తోటివారు. ఇక్కడ సుమారు తొమ్మిదివేలమంది పనిచేస్తే నాలుగింట మూడువంతులు ఆడవాళ్ళు. చీటీలోని ఊహను సరిచూడటానికి ట్యూరింగు, వెల్చ్‌మన్ రూపకల్పనతో 'బోంబ్' అనే యంత్రాలు చేశారు. ఒక్కొక్కటి టన్ను బరువు, బీరువా అంత, ముందుపక్క వరసలుగా రంగురంగుల డ్రమ్ములు. పని ముగిసేసరికి ఇక్కడా, వేరే చోట్లలోనూ అలాంటివి 200 పైగా ఉండేవి. నావికాదళం ఆడపిల్లలు మూడు షిఫ్టులలో నిలబడి ఆ డ్రమ్ములు మార్చేవారు. తిరిగి కట్టిన ఒక బోంబ్‌ను పక్కనే ఉన్న కంప్యూటర్ల మ్యూజియంలో నడిపి చూపించారు (దానికి టిక్కెట్టు వేరు). అల్లికసూదులు వెయ్యి ఒక్కసారిగా ఆడినట్లు చప్పుడు. ఎనిమిది గంటలు ఆ చప్పుడులో నిలబడి, తాము విప్పుతున్నది ఏ ఓడ సంగతో, ఎవరి ప్రాణమో తెలియకుండా, బసకు పోయి పడుకునేవారు. 1974లో వింటర్‌బాథం పుస్తకం వచ్చినదాకా ఈ సంగతి బయటి లోకానికి తెలియదు. చాలామంది తరవాత కూడా నోరు విప్పలేదు.

పనిచేసినవారి పట్టిక ఉన్నది. అందులో మా ఆవిడగారి పేరు వెతికాము. దొరికింది. ఒక్క వరుస: పేరు, హోదా, ఏ విభాగం. డెబ్బైయేళ్ళు దాచినది అంతే.

మధ్యాహ్నం మూడున్నరకు చెరువుగట్టున బాతుల మధ్య పులిహోర తింటూ ఇంటికి ఫోను చేశాము. మనవైపు రాత్రి ఎనిమిది. తిన్నారా, ఎండలెలా ఉన్నాయి అయినాక, నాన్నగారేరమ్మా అని అడిగాము.

"స్నానం చేస్తున్నారు" అన్నది అమ్మ.

"తడి ఒంటితోనైనా సరే, ఒకసారి పిలువమ్మా" అన్నాము.

అవతల బకెట్టు చప్పుడు, తలుపు గడియ తీసిన చప్పుడు. కొంతసేపటికి నాన్నగారు ఫోను అందుకొని, "నిజంగానే స్నానం చేస్తున్నానురా" అన్నారు.