తాతయ్యా, నీ పందెం!

మా వరండా గచ్చుమీద సుద్దముక్కతో గీసిన అష్టాచమ్మా గళ్ళు ఎప్పుడూ ఉంటాయి. ఇల్లు కడిగినప్పుడల్లా చెరిగిపోతాయి, మళ్ళీ గీస్తాను. చూసినవారు "ఈ వయసులో మీకు ఆటలేమిటమ్మా!" అని నవ్వుతారు. ఆ ఇరవై అయిదు గళ్ళ వెనుక మా కుటుంబం దాటివచ్చిన ఒక చీకటి ఉంది. అటువంటి చీకటి మన సంఘాలలో ఎన్నో ఇళ్ళలో పైకి చెప్పుకోలేని బాధగా ఉండిపోతున్నది. అందుకే మావారిని అడిగి, ఆయన సరేనన్న తరువాతనే ఇది వ్రాస్తున్నాను.

2021లో మా రెండెకరాలకు తోడు మరో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాము. ఆ ఏడు నల్ల తామరపురుగు వచ్చిపడిన సంగతి మిరప రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పూత పూసినట్టే పూసి రాలిపోయింది. ఎన్ని మందులు కొట్టినా లాభం లేకపోయింది. క్రిస్మస్ నాటికి చేనంతా ముడుచుకుపోయింది. మిగిలింది అప్పు.

మావారు గట్టి మనిషి. అంతకుముందు తుఫానుకు పంట పోయినప్పుడు నన్నే ఓదార్చిన మనిషి. ఈసారి మాత్రం సంక్రాంతి వెళ్ళగానే మంచం పట్టారు. పడుకుంటే నిద్ర లేదు, లేస్తే ఓపిక లేదు. స్నానం మానేశారు, గడ్డం పెరిగిపోయింది. షుగరు మాత్ర వేసుకోమంటే గోడవైపు తిరిగేవారు. ఒక రాత్రి "నేను లేకపోతేనే మీరంతా సుఖంగా ఉంటారు" అన్నారు. తెల్లవారగానే ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీసుకుపోయి మా తమ్ముడి ఇంట్లో పెట్టి తాళం వేయించాను.

ఆయన మందిరానికి రావడం మానేసరికి తలా ఒక మాట అన్నారు. "ప్రార్థన తగ్గింది, అందుకే ఇలా అయ్యాడు" అన్నవారూ ఉన్నారు. వారిని అనడమెందుకు? నేను మాత్రం తక్కువ తిన్నానా? "మగవాడు ఇలా పడుకుంటే ఎలాగండీ? లేవండి!" అని పొద్దున లేచింది మొదలు సాధించేదాన్ని. నేను ఒక మాట అంటే ఆయన దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కునేవారు.

మా చిన్నమ్మాయి నర్సుగా పనిచేస్తున్నది. సెలవు పెట్టి వచ్చి, రెండు రోజులు తండ్రిని చూసి, నన్ను వంటింట్లోకి పిలిచింది. "అమ్మా, ఇది సోమరితనం కాదు, అవిశ్వాసమూ కాదు. డిప్రెషన్ అనే జబ్బు. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమంటామా?" అన్నది. ఆ వారమే పట్నంలో మానసిక వైద్యుని దగ్గరకు తీసుకుపోయాము. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, కాస్త తేలికపడగానే మానేయవద్దని ఆయన చెప్పారు. మందులతో పాటు రోజూ ఏదో ఒక చిన్న పని చేయించమన్నారు. మాత్ర మింగించడం ఎలాగో నా చేతనయింది గాని, పని చేయించడం మాత్రం చేతకాలేదు.

అప్పుడు అమ్మాయి ఒక కథ చెప్పింది. అమెరికాలో జేన్ మెక్‌గోనిగల్ అనే ఆవిడ ఆటలు తయారుచేసే వృత్తిలో ఉన్నది. 2009లో ఆమె తలకు దెబ్బ తగిలింది. చదవవద్దు, వ్రాయవద్దు, పనిచేయవద్దు అన్నారు డాక్టర్లు. వారాలు గడిచినా తలనొప్పి తగ్గలేదు, చనిపోవాలనే ఆలోచనలు మొదలయ్యాయి. చివరికి ఆమె తనకు తెలిసిన విద్యనే పట్టుకున్నది. కోలుకోవడాన్నే ఒక ఆటగా మార్చుకున్నది. తనకొక మారుపేరు పెట్టుకుని, ముందుగా తన కవల సోదరిని, తరువాత భర్తను ఆ ఆటలో చేర్చుకున్నది. బాధను పెంచేవాటిని శత్రువులుగా వ్రాసుకున్నది. కొంచెం బలమిచ్చే చిన్న చిన్న పనులను రోజూ చేయవలసినవిగా పెట్టుకున్నది. కొద్దిరోజుల్లోనే మనసుమీది మబ్బు తొలగిందని ఆమే చెప్పింది. తలనొప్పి మాత్రం ఏడాదికి పైగా ఉన్నది. నొప్పి పోకముందే దిగులు పోయిందన్నమాట. ఆ ఆటనే ఆమె తరువాత 'సూపర్‌బెటర్' అనే పేరుతో అందరికీ అందించింది.

"మన ఇంట్లో ఇవన్నీ ఎక్కడమ్మా?" అన్నాను. "గచ్చు ఉంది, చింతపిక్కలు ఉన్నాయి, చాలదా?" అని నవ్వింది.

వేసవి సెలవులకు పెద్దమ్మాయి కొడుకు వచ్చాడు. వాడికి ఎనిమిదేళ్ళు. చిన్నమ్మాయి వాడితో వరండాలో గళ్ళు గీయించింది. చింతపిక్కలను ఒకవైపు గచ్చుమీద అరగదీసి తెల్లగా చేసి, గవ్వలకు బదులు నాలుగు పెట్టింది. ఆట మామూలు అష్టాచమ్మాయే. ఒక్క నియమం మాత్రం కొత్తది. పందెం ఊరికే రాదు, పగలు చేసిన ఒక్కొక్క పనికి సాయంత్రం ఒక్కొక్క పందెం. తాతయ్యకు అయిదు పనులు: పొద్దెక్కకముందే స్నానం, వేళకు మాత్రలు, వేళకు భోజనం, చెరువుగట్టు దాకా నడక, బయటి మనిషి ఒకరితో రెండు మాటలు. మనవడికీ అయిదు: రాత్రి పళ్ళు తోముకోవడం, ఆకుకూర తినడం, చెట్లకు నీళ్ళు పోయడం, ఒక పేజీ చదవడం, ఫోను ముట్టకపోవడం. నాకు ఒకటే. రోజంతా మావారికి ఒక్క సలహా కూడా చెప్పకపోతే ఆయనకు ఒక పందెం అదనం! మొదటి వారంలో ఆ పందెం నేను ఒక్కసారి కూడా సంపాదించలేకపోయాను.

మొదటి మూడు రోజులూ ఆయనకు వచ్చింది ఒక్కొక్క పందెమే, మాత్రలు మింగినందుకు. మంచం మీదనే పిక్కలు ఒకసారి విసిరి పడుకునేవారు. నాలుగోనాడు పిల్లవాడు మంచం దగ్గరకు వెళ్ళి, "తాతయ్యా, నా కాయ నీ కాయకు రెండు గళ్ళ వెనుక ఉంది, చంపేస్తాను. నడకకు వెళ్ళొస్తే నీకు ఇంకో పందెం వస్తుంది, తప్పించుకోవచ్చు" అన్నాడు. ఆయన కాసేపు వాడి ముఖంలోకి చూశారు. తరువాత లేచి చెప్పుల కోసం వెతుక్కున్నారు. అవి ఎక్కడున్నాయో ఆయనకు తెలియదు. అన్ని నెలలుగా వాటితో ఆయనకు పనిపడలేదు మరి.

ఎన్నో సలహాలకు లేవని మనిషి "నీ పందెం" అనే మాటకు లేచారు. సలహా చెప్పినప్పుడు మేమంతా పైన, ఆయన కింద. ఆటలో ఆయనా ఒక ఆటగాడే.

ఈ లోగా సంఘంలో ఒక పెద్దావిడ కిటికీలో నుండి పందెం, పందెం అనే మాట విని, మా ఇంట్లో జూదం ఆడుతున్నామని బాధపడింది. పిలిచి కూర్చోబెట్టి, ఇక్కడ ఒక్క పైసా కూడా లేదని, పందెం అంటే ఆటలో వంతేనని చెప్పాము. డబ్బు పెట్టి ఆడే ఆటలు ఎన్ని సంసారాలను కూల్చాయో మాకూ తెలుసు. విషయం అర్థమయ్యాక ఆవిడే రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేది. మావారికి "బయటి మనిషితో రెండు మాటలు" అలా సులువైపోయాయి.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. ఒకనాడు అప్పిచ్చినాయన వచ్చి వాకిట్లో నిలబడి గట్టిగా మాట్లాడి పోయాడు. ఆ సాయంత్రం మావారు పిక్కలను విసిరికొట్టి మళ్ళీ మంచమెక్కారు. తొమ్మిది రోజులు దిగలేదు. పిల్లవాడు చిన్నబోయి, "తాతయ్య ఓడిపోయాడా?" అని పిన్నికి ఫోను చేశాడు. "ఓడిపోలేదు నాన్నా. ఇంటి గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు కదా? ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచు" అన్నది. ఆ తొమ్మిది రోజులూ నేను గచ్చు కడగలేదు, ఆ కాయ చుట్టూ ఊడ్చాను. పదోనాడు పొద్దున్నే బావి దగ్గర చెంబు చప్పుడు వినిపించింది. సాయంత్రం ఆయనే వచ్చి, "నాకు ఒక పందెం ఉంది" అన్నారు.

మరి కొన్నాళ్ళకు ఆయన మొదటి కాయ నడిమి గడి చేరింది. "తాతయ్య కాయ పండింది!" అని పిల్లవాడు గంతులు వేశాడు. మావారు దానివంక చూసి, "ఈ ఏడు మనింట్లో పండిన కాయ ఇదొక్కటే" అని నవ్వారు. నేను కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాను.

బడులు తెరిచాక పిల్లవాడు వెళ్ళిపోయాడు. వాడూ తన ఇంట్లో గళ్ళు గీసుకుని, రాత్రి ఏడింటికి ఫోను చేసి, "తాతయ్యా, ఈరోజు ఎన్ని పందాలు?" అని అడిగేవాడు. ఒక ఏడాదికి పైగా ఆ పిలుపు తప్పలేదు.

ఆటతో అప్పు తీరలేదు. కౌలు వదులుకుని, ఒక గేదెను అమ్మి, కొద్దికొద్దిగా తీర్చుకుంటున్నాము. ఆటతో జబ్బు పోయిందని కూడా నేను అనను. మందులు డాక్టరుగారు చెప్పినన్నాళ్ళూ వాడాము, ఆయనే మెల్లగా తగ్గించారు. మందు పనిచేసేదాకా మనిషి చేయి జారిపోకుండా ఆట పట్టుకున్నది. అమ్మాయి చదివి చెప్పిన సంగతులు కూడా ఇలాగే ఉన్నాయి. అమెరికాలో 283 మందిపై జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో నెల రోజులు 'సూపర్‌బెటర్' వాడినవారికి దిగులు, వాడనివారికంటే ఎక్కువగా తగ్గిందట. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయంవారు దిగులుతో బాధపడే పిల్లల కోసం 'స్పార్క్స్' అనే కంప్యూటర్ ఆట చేశారు. 12 నుండి 19 ఏళ్ళ వయసుగల 187 మందిపై పరీక్షించగా, మామూలు కౌన్సెలింగ్‌కు తీసిపోని ఫలితం వచ్చిందని 2012లో ప్రకటించారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో ఎవరైనా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే ముందు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. చావు మాట నోట వస్తే తేలికగా తీసుకోకండి. పురుగుమందులు ఇంట్లో ఉంచకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 14416 అనే టెలిమానస్ నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ తరువాత సలహాలు కాస్త తగ్గించి, గచ్చుమీద నాలుగు గళ్ళు గీయండి. పనులు చిన్నవిగా పెట్టండి. చేయలేనినాడు శిక్ష వేయకండి, కాయను ఉన్నచోటనే ఉండనివ్వండి.

ఇది వ్రాస్తుండగానే వరండాలోనుంచి మావారు పిలుస్తున్నారు, ఈసారి పందెం నాదట.