మోదుగయుఁ దీగమోదుగయు

ఫాల్గుణము వచ్చునప్పటికి కర్నూలు, కడప సీమలలో చెఱువులెండి నేల బీటలు వాఱును. నల్లమలలో మోదుగ పూచునది యప్పుడే. 2022లో కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాకు మాఱిన యహోబిలమునకుఁ బోవు స్త్రీలు అడవిలో నెఱ్ఱని పూఁగుత్తులను జూచి యన్నియు మోదుగలే యందురు. కాని నల్లమలలో నిందు రెండు జాతులు గలవు.

రెండింటి పూవులును చిలుకముక్కువలె వంగియుండును. రెండింటికిని కాడకు మూఁడేసి యాకులు. కావున రంగును నమ్మరాదు. మోదుగ వంకరమ్రానుగల చెట్టు. ఆకు రాల్చిన బోసికొమ్మలపైఁ బూచును. తీగమోదుగ యితర వృక్షముల నల్లుకొని పైకిఁ బ్రాఁకు పెద్ద లత. దాని యాకులును పూవులును మఱింత పెద్దవి. కొమ్మన పూవు గనఁబడినంతనే దృష్టిని మొదటికి దింపి, యది యెవరి పూవో విచారింపవలెను.

1795లో వెలువడ నారంభించిన కోరమాండలు తీరపు వృక్షగ్రంథమున రాక్సుబర్గు దొర యీ రెండింటిని వేర్వేఱు పటములలోఁ జూపెను. మన తెలుఁగు పేరు 'తీగ' యను నొక్కమాటతోనే యా భేదమును జెప్పుచున్నది.

సోదరీమణులారా! ఔషధమునకై బెరడో గింజయో కోరునప్పుడు ఒకదానికి మాఱుగా వేఱొకటి తెచ్చుట తగదు. పలాశము, కింశుకము పర్యాయపదములని యమరమును వల్లించిన మనము, ఆ చెట్టును గుర్తింపలేకున్నచో నా చదువు సగమే.